కప్పు పిడికి అంటిన నలుపు

మాంచెస్టర్‌లో చెడ్డకబురు కన్నా ముందు టీ వస్తుంది. అందుకే ఆ నవంబరు మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి వాల్టర్ ఓగ్డెన్ తన గది తలుపు మూసి, అడక్కుండానే కప్పు తెచ్చి బల్లమీద పెట్టేసరికి ఐవీ క్లెగ్‌కి ఏదో చెడ్డకబురే ఉందని తెలిసిపోయింది.

"ముందు తాగు తల్లీ. తర్వాత చెప్తాను," అన్నాడు ఓగ్డెన్.

ఐవీ ఉన్ని గ్లవ్స్ ఊడదీసి కోటు జేబులో కుక్కింది. ఇంటి దగ్గర తొడుక్కున్నవి ట్రామ్‌లో కూడా తియ్యలేదు, అంత చలి. కప్పు పిడి పట్టుకుని ఒక గుక్క తాగింది. పాలు సరిగ్గా ఆమెకు కావలసినన్నే ఉన్నాయి. పద్నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా తేడా రాలేదు. ఆ ఆఫీసులో ఇరవై ముగ్గురు పనిచేస్తారు. ఎవరికి ఎంత చిక్కదనం, ఎన్ని చెంచాల చక్కెర, అన్నీ ఓగ్డెన్‌కి కంఠతా వచ్చు. అందరికీ పై అధికారి అయ్యుండీ కెటిల్ దగ్గర నిలబడేది ఆయనే. కుర్చీలోంచి లేచినవాడు అందరికీ టీ పెట్టాలి, అది ఈ ఊరి ధర్మం అనేవాడు. తక్కినవాళ్లు ఆ ధర్మాన్ని ఆయనకే వదిలేసి హాయిగా కూర్చునేవారు.

ఆ పాత నూలుమిల్లు గుమ్మం మీద 'నార్తర్న్ రెయిన్‌వేర్, హోల్‌సేల్' అని బోర్డు ఉంటుంది. కోటు కొనడానికి ఇంతవరకు ఒక్కడూ లోపలికి రాలేదు. వస్తే ఏంచెయ్యాలో అక్కడెవరికీ తెలియదు కూడా. అది సీక్రెట్ సర్వీసువాళ్ల ఉత్తరాది శాఖ.

"కింద ప్రింటింగ్ గదిలో దొంగతనం జరిగింది," అన్నాడు ఓగ్డెన్. "గ్రాఫీన్ ఆంటెనా షీటు ఒకటి పోయింది. ఏడున్నరకి ఎవడో ఫైర్ అలారం మోగించాడు. అందరూ బయటికి పోగానే పని కానిచ్చేశాడు. నేనిప్పుడే ట్రామ్ దిగి వచ్చాను, వచ్చేసరికి ఇదీ వరస."

"ఏ ఆంటెనా?"

ఓగ్డెన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫిన్లే కోటులో ఉన్నది. దానికి అచ్చమైన నకలు."

ఐవీ కప్పు కింద పెట్టేసింది. ఫిన్లే ఆమె తమ్ముడు. ఆ క్షణాన వాడు ఒక పరాయిదేశపు రేవులో, అరిగిపోయిన రెయిన్‌కోటు వేసుకుని తిరుగుతున్నాడు. ఆ కోటు లైనింగులో అరచేతంత కాగితం మీద గ్రాఫీన్ అనే బొగ్గుజాతి రేకుల ఇంకుతో అచ్చువేసిన ఆంటెనా ఉంది. బట్టతోపాటు మడతపడుతుంది, నలుగుతుంది, తెగదు. రాగి లేదు, వెండి లేదు, కాబట్టి లోహం వెతికే యంత్రాలకు కనబడదు. ఓడ కెప్టెన్ దగ్గరున్న రీడరుకు మాత్రం అది రేడియోలో జవాబిస్తుంది. కోటు పలికితేనే కెప్టెన్ వాణ్ణి ఎక్కించుకుంటాడు. మన టైములో మధ్యాహ్నం మూడింటికి ఫిన్లే రేవు గేటు దాటాలి. ఆ గేటు దగ్గర కాపలా ఉన్నది 'కొంగ' ముఠా. నెలలతరబడి ఒంటికాలిమీద కదలకుండా నిలబడి, ఒక్క పోటుతో చేపను ఎత్తుకుపోతారని వాళ్లకు ఆఫీసులో పెట్టిన పేరది.

"ఆ షీటు వాళ్ల చేతికి చిక్కితే?"

"వాళ్ల రీడరు దాని గొంతు నేర్చుకుంటుంది. ఆ గొంతు గేటుకి పంపుతారు. అప్పుడు ఫిన్లే గేటు దగ్గరికి రాగానే కోటు పలుకుతుంది, పట్టేసుకుంటారు."

"వాడికి కబురు?"

"ఎలా పంపను? వాడి దగ్గర ఫోను లేదు. ఓడ ఎక్కేదాకా ఎవడితోనూ మాట్లాడడు. అది నేను పెట్టిన రూలే." ఓగ్డెన్ ఒక ఫొటో ముందుకు తోశాడు. ముత్యాల రంగు పట్టు గ్లవ్స్ వేసుకున్న అందగత్తె, నలభై ఏళ్లుంటాయి, కెమెరా ఉందని తెలిసి దాన్ని లెక్కచెయ్యని చూపు. "సెలీన్ వార్గా. మన జీతమూ తింటుంది, కొంగల జీతమూ తింటుంది. రెండు గంటల ఎయిర్‌పోర్టు రైలుకి పికడిల్లీ స్టేషనుకొస్తుంది. పట్టుకో. మన తమ్ముడు, ఐవీ. వాణ్ణి ఇంటికి తెచ్చుకుందాం."

మన తమ్ముడు అన్నాడు. ఆ మాటకు ఐవీ కళ్లు చెమ్మగిల్లాయి. చేతులు ప్యాంటు జేబుల్లో దోపుకుని, తల వంచుకుని, మెట్లు దిగి కిందికి వెళ్లింది.

ప్రింటింగ్ గది మావిస్ ప్లాట్ రాజ్యం. అరవై నాలుగేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లు ఫుట్‌బాల్ టీషర్టులు అచ్చువేసి, ఆ చేత్తోనే ఇప్పుడు ఆంటెనాలు అచ్చువేస్తోంది. డాక్టరేట్లున్నవాళ్లు ఇంకు కలిపి తెస్తారు. తెర మీద దాన్ని ఒక్క ఊపులో లాగడం మాత్రం మావిస్‌కే వచ్చు. గుమ్మంలోనే తెల్ల నూలు గ్లవ్స్ చేతికిస్తుంది. తొడుక్కోనివాళ్లకు లోపలికి ప్రవేశం లేదు, మంత్రిగారైనా సరే.

"వానలో ఇరవై నిమిషాలు బాతుల్లా నిలబెట్టారమ్మా మమ్మల్ని," అంది మావిస్. "తిరిగొచ్చి చూస్తే మూడింటిలో ఒకటి మాయం. నిన్న సాయంత్రం చీటీ వచ్చింది, ఇంకో మూడు కొట్టమని. వాల్టర్ సంతకం. సరే అని కొట్టి రాత్రంతా ఆరబెట్టాను. ఇదిగో, ఇవి రెండూ మిగిలాయి."

"రోలర్ కింద వేశారా?"

"ఎక్కడ! పొద్దున్న వేద్దామనుకున్నా. అసలు దొంగవెధవకి పని కూడా తెలీదు బంగారం. ఆరిన ఇంకులో రేకులు ఎండుటాకుల్లా వదులుగా పడుంటాయి. రోలర్ కింద వేసి గట్టిగా నొక్కితేనే ఒకదాన్నొకటి వాటేసుకుంటాయి. అప్పుడు కరెంటు సాఫీగా పోతుంది. నొక్కనిది నత్తినత్తిగా మాట్లాడుతుంది. ముట్టుకుంటే చేతికంటుతుంది." మావిస్ ప్యాకింగ్ టేపు ముక్క చించి, పాడైపోయిన ఒక అచ్చు మీద అద్ది లాగింది. గీతలన్నీ టేపుతోపాటు లేచొచ్చాయి. కింద తెల్లకాగితం మిగిలింది. "చూశావా? అదే నొక్కినదైతే గోరుతో గీకినా రాదు."

ఐవీ బల్ల చుట్టూ తిరిగింది, కిటికీ చూసింది, తాళం చూసింది. చెప్పుకోదగ్గదేమీ దొరకలేదు. గుమ్మం దగ్గర గ్లవ్స్ తిప్పి తీసి మావిస్‌కిచ్చింది.

"ఇదేంటే పిల్లా?" అంది మావిస్. "లోపల నలుపేంటి?"

తెల్ల గ్లవ్‌కి బయట మచ్చ లేదు. లోపల, బొటనవేలి దగ్గరా రెండు వేళ్ల దగ్గరా, కాటుక అద్దినట్టు నల్లటి మరకలు. మావిస్ వాసన చూసింది, వేళ్లతో నలిపి చూసింది. "ఇది మన ఇంకే. నీ చేతికి ముందే ఉంది. ఏం ముట్టుకున్నావు?"

ఐవీ పొద్దుటి నుంచి వరసగా గుర్తుచేసుకుంది. ఇంటి నుంచి ఓగ్డెన్ గదిదాకా ఉన్ని గ్లవ్స్. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా జేబుల్లో చేతులు. మధ్యలో ఉత్త చేత్తో పట్టుకున్నది ఒకే ఒక్కటి.

కప్పు పిడి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఎవరూ టీ ఇచ్చి ఉండరు.

ఆమె ముందు నమ్మలేదు. నమ్మకుండా ఉండడానికి శాయశక్తులా ప్రయత్నించింది. ఆ మనిషి ఆమెకు తాళాలు తియ్యడం నేర్పాడు, అబద్ధం ఆడటం నేర్పాడు, అమ్మ పోయినప్పుడు శవపేటిక మోశాడు. పదేళ్ల క్రితం ఇదే మిల్లు మెట్లమీద, "మావాడు మొండివాడు, మీ చేతుల్లో పెడుతున్నాను" అని ఫిన్లేని ఆయనకు అప్పగించింది ఐవీయే. కానీ ఇప్పుడే ట్రామ్ దిగానన్నవాడి చేతికి ఈ ఇంకు ఎలా అంటింది? మూడు షీట్లు కొట్టమని చీటీ ఆయనది. ఫోను ఉండకూడదన్న రూలు ఆయనది. ఆ రేవుకి ఫిన్లేని పంపింది ఆయన. అన్నీ ఒక్కొక్కటే వచ్చి వరుసలో నిలబడుతుంటే ఆమె బల్ల అంచు పట్టుకుని మావిస్‌కి అంతా చెప్పింది.

"పట్టుకుని నాలుగు తగిలించు," అంది మావిస్, సంగతి విని.

"షీటు ఎక్కడ దాచాడో తెలియకుండా పట్టుకుంటే ఏంలాభం? ఆయన మూడుదాకా నోరు విప్పకపోతే చాలు, ఫిన్లే పోతాడు. షీటు బయటికి తియ్యాలి. ఆయన చేతే తియ్యించాలి."

మావిస్ రోలర్ వేసిన బుల్లి ట్యాగు ఒకటి, తపాలాబిళ్లంతది, తీసిచ్చింది. ఐవీ ఎడమ మణికట్టుకు గుడ్డపట్టీ ఒకటి చుట్టింది. ట్యాగు ముప్ఫై గజాల లోపు ఉంటే ఆ పట్టీ నాడిలా కొట్టుకుంటుంది.

ఐవీ పైకెళ్లింది. ఓగ్డెన్ టోపీ ఎప్పటిలాగే తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. "బయల్దేరుతున్నాను," అంటూ పొద్దున్న అక్కడే వదిలిన కోటు తీసుకునే వంకతో ట్యాగును టోపీ అస్తరు కిందికి జరిపింది.

ఓగ్డెన్ లేచి వచ్చి ఆమె మఫ్లర్ సరిచేశాడు. కాగితంలో చుట్టిన రెండు బిస్కెట్లు చేతిలో పెట్టాడు. "ఏం తినకుండా పరిగెత్తుతావు, నాకు తెలుసు. జాగ్రత్త తల్లీ."

నమ్మించి గొంతు కోసేవాడికి చెయ్యి వణకాలి కదా. వణకలేదు. ఐవీ ఆ చేతికేసి చూసింది. చూపుడువేలి గోరు చుట్టూ, ఎంత కడిగినా పోని సన్నటి నల్లగీత ఉంది.

ఒంటిగంటన్నరకు ఓగ్డెన్ మిల్లులోంచి బయటపడ్డాడు. గుమ్మం దాటకముందు జేబులోంచి లోహం వెతికే పరికరం తీసి, ఎవరైనా ఏదైనా తగిలించారేమోనని టోపీ మీదా కాలరు మీదా తిప్పుకున్నాడు, అలవాటు ప్రకారం. ట్యాగులో లోహం లేదు కాబట్టి అది మూగగా ఉండిపోయింది. అతని వెనక ఇరవై గజాల్లో ఒక పెద్దావిడ, ప్లాస్టిక్ వానటోపీ, మావిస్ పాత ఓవరాల్, ఎడమకాలు ఈడుస్తూ నడిచింది. ముఖం కాదు, నడక మార్చు, జనం నడకనే గుర్తుపడతారని ఐవీకి నేర్పింది ఓగ్డెనే. గురువుగారి పాఠం గురువుగారి మీదే అక్కరకొచ్చింది. జనంలో రెండుసార్లు తప్పిపోయాడు. రెండుసార్లూ మణికట్టు చెప్పింది ఎటు తిరిగాడో.

ఐవీని పంపిన స్టేషను వైపు అతను పోలేదు. సెంట్రల్ లైబ్రరీ మెట్లెక్కాడు.

పెద్ద గుండ్రటి రీడింగ్ రూము అది, పైన గుమ్మటం. అక్కడ ఎవరైనా పుస్తకం మూస్తే ఆ చప్పుడు గుమ్మటమెక్కి, చుట్టు తిరిగి, ఎదుటిగోడ దగ్గర దిగుతుంది. ఊళ్లోవాళ్లు అక్కడ దగ్గును కూడా మింగేస్తారు. ఐవీ గోడవారన ఉన్న పుస్తకాల బండి అందుకుని నెమ్మదిగా తోసింది. ఓవరాల్ జేబులో ప్యాకింగ్ టేపు ఉంది. కుడి అరచేతికి జిగురువైపు పైకి ఉండేట్టు బయటే చుట్టుకుంది, లోపల చించితే చప్పుడవుతుందని.

సెలీన్ వార్గా మధ్యబల్ల దగ్గర కూర్చుని ఉంది. ముత్యాల రంగు గ్లవ్స్. ఓగ్డెన్ పక్క కుర్చీలో కూర్చుని, పేపరు చదివి, మడతపెట్టి, ఆమె వైపు జరిపి లేచాడు. అంతే, ఒక్క మాట లేదు.

ఆమె పేపరు విప్పింది. లోపల నల్లటి గీతల షీటు. దానిమీద గ్లవ్ వేసుకున్న చెయ్యి ఆన్చింది. ఆ గ్లవ్వే రీడరు. దాని నేతలో కూడా అచ్చువేసిన గ్రాఫీనే. మణికట్టు మీది గొలుసుకు అయిదు పూసలున్నాయి. ఒకటి పచ్చగా వెలిగింది.

అయిదూ వెలిగితే ఫిన్లే గొంతు రేవు గేటుకి చేరిపోతుంది. రోలర్ వేసిన షీటైతే ఈపాటికి చేరిపోయేదే. ఇది నత్తినత్తిగా చెబుతోంది. రెండో పూస వెలగడానికి చాలాసేపు పట్టింది. ఐవీ బండి తోసింది. మూడోది వెలిగింది. ఇంకా ఆరడుగులు.

ఓగ్డెన్ అడ్డం వచ్చి నిలబడ్డాడు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది, జేబు ముందుకు పొడుచుకొచ్చింది.

"ఎడమకాలు ఈడ్చడం చాలాబాగా వచ్చింది," అన్నాడు గుసగుసగా. "ఇంటికెళ్లు తల్లీ."

ఆ గుసగుస గుమ్మటమెక్కింది. ఇంటికెళ్లు తల్లీ అని ఎదుటిగోడ కూడా అంది. నలుగురైదుగురు తలలెత్తారు.

"ఎన్నేళ్లుగా?" అంది ఐవీ.

"పంతొమ్మిదేళ్లు."

అంటే ఆమె రాకముందు నుంచే. ఆమె తాగిన మొదటి కప్పుకి ముందు నుంచే. ఐవీకి కోపం రాలేదు, సిగ్గేసింది. "ఫిన్లేని మీరే పంపారు."

"వాడే వెళ్తానన్నాడు."

"అడిగింది మీరు కాబట్టి! మీరు అడిగితే నేనూ వెళ్లేదాన్ని!" ఇది గుసగుస కాదు. గుమ్మటం దాన్ని పూర్తిగా పుచ్చుకుని గదంతా పంచింది. "ష్!" అంది ఒక విద్యార్థిని, కోపంగా. నాలుగో పూస వెలిగింది.

ఓగ్డెన్ ఒక్కసారి ఆ అమ్మాయి వైపు చూశాడు. లైబ్రరీలో గొంతు లేచినందుకు నొచ్చుకున్న చూపు అది, వేరేం కాదు. ఆ చూపు చాలు. ఐవీ బండిని బలమంతా పెట్టి తోసింది. మూడొందల పుస్తకాలు ఓగ్డెన్ మోకాళ్లను కొట్టాయి. జేబులోంచి చెయ్యి బయటికి రాకముందే అతను పడ్డాడు. ఐవీ బల్ల మీదికి దూకింది. అయిదో పూసలో పచ్చటి మెరుపు మినుకుమంటోంది. సెలీన్ చెయ్యి రెండు వేళ్ల మందం పైకి లేచింది. మినుకు ఆగింది. ఐవీ అరచెయ్యి ఠప్పున షీటు మీద పడింది.

చెయ్యి ఎత్తేసరికి బల్లమీద ఉత్త తెల్లకాగితం ఉంది. ఆంటెనా మొత్తం ఆమె అరచేతికి అంటుకుంది. ఐవీ పిడికిలి బిగించి టేపును ఉండచేసేసింది. అయిదో పూస చీకటిగానే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడు గోడగడియారం రెండుంబావు చూపిస్తోంది.

"ఎందుకు తీశావు చెయ్యి?" అంది రొప్పుతూ.

సెలీన్ గ్లవ్ ముడతలు సర్దుకుంది. "ఆరు వారాల క్రితమే లండన్‌కి చెప్పాను, మీ ఆఫీసులో ఒకడున్నాడని. సరుకుతో సహా పట్టుకోవాలి, ఆగు అన్నారు. అయిదో పూస వెలిగేలోపు మనుషులొస్తారన్నారు."

"ఎక్కడ?"

"రైలు దార్లో ఆగిపోయిందట."

ఐవీ బల్ల దిగింది. అంటే లండన్‌కీ తెలుసు. తెలిసీ ఫిన్లే కోటును ఎరగా వేలాడదీశారు. ఒకడు తిన్నింటి వాసాలు లెక్కపెడితే, ఇంకొకరు ఆ లెక్క పూర్తయ్యేదాకా చూద్దామని కూర్చున్నారు. మధ్యలో ప్రాణం మాత్రం ఆమె తమ్ముడిది.

లైబ్రరీ గార్డులిద్దరు ఓగ్డెన్‌ని లేపి కూర్చోబెట్టారు. అతని జేబులోని పిస్తోలు అప్పటికే ఐవీ దగ్గరికొచ్చింది. ఆయన ఆమె అరచేతిలోని నల్లటి ఉండను చాలాసేపు చూశాడు.

"రోలర్ కింద వేసే టైము లేకపోయింది," అన్నాడు. "ఎలా పట్టావు?"

"మీ చేతి ఇంకు నా కప్పుకి అంటింది. అంత పని చేసొచ్చి, చెయ్యి సరిగ్గా కడక్కుండా, నాకు టీ ఎందుకిచ్చారు?"

ఓగ్డెన్‌కి ప్రశ్న నిజంగానే అర్థం కాలేదు. "చలిలో పడి వచ్చావు. ఇవ్వకుండా ఎలా ఉంటాను?"

అప్పుడు ఏడ్చింది ఐవీ. నిశ్శబ్దంగా ఏడవడానికి చూసింది గాని గుమ్మటం ఊరుకోలేదు. ఈసారి ఎవరూ 'ష్' అనలేదు.

మూడుంబావుకి ఆఫీసు వైర్‌లెస్‌లో కోడ్‌వర్డ్ వచ్చింది. 'చిప్స్‌లో గ్రేవీ ఎక్కువ వెయ్యండి.' అంటే ఫిన్లే ఓడెక్కాడు. కోటు పలికింది, కెప్టెన్ విన్నాడు, గేటు వినలేదు. మావిస్ ఓడనూ కెప్టెన్‌నూ ఇంకునూ తలా రెండుసార్లు ఆశీర్వదించింది.

లండన్ మనుషులిద్దరూ అయిదింటికి వచ్చారు, కోట్లు దులుపుకుంటూ. మంచి పని జరిగిందన్నారు. ఐవీ వాళ్లకు కూర్చోమని చెప్పలేదు. టీ అసలే అడగలేదు.

వెళ్లేముందు వాళ్లలో చిన్నవాడు ఒక ఫారం ముందుపెట్టాడు. ఖైదీని అప్పగించే కాగితం. పేరు, వయసు, మందులేమైనా ఉన్నాయా, అన్నీ ఐవీ గబగబా నింపింది. చివర్న ఒక గడి ఉంది. ఉదయం టీ: పాలు ఎంత, చక్కెర ఎన్ని చెంచాలు.

కలం ఆగిపోయింది. ఐవీ తలెత్తి గదిలో ఉన్నవాళ్లను అడిగింది. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మావిస్‌ని అడిగింది. ఆమెకూ తెలియదు. ఇన్నేళ్లలో ఆయనకు ఎవరూ ఒక్క కప్పు పెట్టివ్వలేదు.

ఐవీ ఆ గడిలో 'వివరాలు తెలియవు' అని రాసి, కింద సంతకం చేసింది: సీనియర్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్.